ఇంగ్లీషు పల్లెలో హత్య, మన తీరంలో ఆనవాళ్లు

చర్చి గంట, టీ కప్పులు, గులాబీ తోట, ఫాదరుగారి బంగళాలో శవం. ఇంగ్లీషు పల్లెటూరి మిస్టరీ నవల అంటే ఇచ్ఛాపురంలో కూర్చుని చదివే వాళ్లకు ఏడు సముద్రాల అవతలి వ్యవహారంలాగే కనిపిస్తుంది. కానీ ఆ కథల్లో విషం ఎక్కడిది, పాము ఎక్కడిది, వజ్రం ఎక్కడిది అని ఆరా తీస్తూ పోతే దారి మాటిమాటికీ మనవైపే తిరుగుతుంది.

విల్కీ కాలిన్స్ రాసిన ‘ది మూన్‌స్టోన్’ 1868లో చార్లెస్ డికెన్స్ నడిపిన పత్రికలో సీరియల్‌గా వచ్చింది. యార్క్‌షైర్‌లో సముద్రం పక్కన ఒక పెద్ద ఇల్లు. అమ్మాయి పుట్టినరోజు రాత్రి వజ్రం మాయమవుతుంది. 1799లో శ్రీరంగపట్నం కోట పడినప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి దోచుకుపోయిన వజ్రం అది. తన కథకు ఆధారం రెండు నిజమైన వజ్రాలని కాలిన్స్ ముందుమాటలో చెప్పాడు. ఒకటి రష్యా చక్రవర్తి రాజదండంలోది, రెండోది కోహినూరు. ఆ కోహినూరుకు పుట్టిల్లుగా చెప్పుకునేది పల్నాడులో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఆ గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది.

అదే నవలలో గులాబీలంటే ప్రాణమిచ్చే సార్జెంట్ కఫ్ వెనక నిజం మనిషి ఉన్నాడు. స్కాట్లండ్ యార్డ్ తొలితరం డిటెక్టివ్ జొనాథన్ విచర్. 1860లో విల్ట్‌షైర్ పల్లెలో ఒక పసివాడి హత్యను విచారించి, ఆ ఇంటి అమ్మాయినే అనుమానించాడు. దొరల ఇంటిమీద నింద వేశాడని జనం అతణ్ని ఈసడించారు. 1865లో ఆ అమ్మాయే నేరం ఒప్పుకుంది.

పాము సంగతికి వస్తే కథ మన ఉత్తరాంధ్రకే చేరుతుంది. కోనన్ డాయిల్ రాసిన ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’ 1892లో అచ్చయింది. సర్రే పల్లెలో పాడుబడ్డ బంగళా, కలకత్తాలో వైద్యం చేసి వచ్చిన కోపిష్టి డాక్టరు, గిన్నెలో పాలు, అర్ధరాత్రి ఈల, గంట తాడు పట్టుకుని దిగే భారతదేశపు పాము. షెర్లాక్ హోమ్స్ కథలన్నిటిలో డాయిల్‌కు ఎక్కువ ఇష్టమైంది ఇదే. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఆ పాలగిన్నె కొత్త కాదు. అయితే పాము ఆహారం పాలు కావు, దానికి బయటి చెవులూ లేవు. నేల అదురును పసిగడుతుందిగాని సన్నటి ఈలకు వెనక్కి రాదు.

ఆ కథ రావడానికి దాదాపు వందేళ్ల ముందే ఇంగ్లండుకు మన పాముల గురించి సరైన సమాచారం అందింది. పంపినవాడు విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ 1785లో ఆయనకు మొక్కలను పరిశీలించే ఉద్యోగం ఇస్తే, ఆయన మనసు పాములమీదికి మళ్లింది. కాటుకు జనం ప్రాణాలు పోతుంటే ఏది విషపుదో ఏది కాదో ముందు తేలాలి కదా అని పాములను తెప్పించి, పొలుసులు లెక్కపెట్టి, విషాన్ని కోళ్లమీదా కుక్కలమీదా పరీక్షించి చూశాడు. ఊరివాళ్లు చెప్పిన పేర్లనే రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో రక్తపింజర ‘కాటుక రేకుల పొడ’ పేరుతోనే ఉంది. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ పాముకు రస్సెల్ పేరే పెట్టారు. ఆయనకు పాములు పట్టి తెచ్చినవాళ్ల పేర్లు కూడా అంత గొప్పగా నిలిచి ఉంటే బాగుండేది.

అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ 1920లో వచ్చింది. ఎసెక్స్ పల్లెటూరు, డబ్బున్న ముసలావిడ, స్ట్రిక్‌నిన్ విషం. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు పెల్తియే, కవంతూ ఈ విషాన్ని 1818లో వేరుచేశారు. దాన్ని తీసేది ముష్టి గింజల నుంచి. తూర్పు కనుమల అడవుల్లో తిరిగేవాళ్లకు ముష్టి చెట్టు బాగా తెలుసు: నారింజ రంగు కాయ, లోపల చొక్కా గుండీల్లాంటి చదునైన గింజలు. మొదటి ప్రపంచయుద్ధంలో టార్కీ ఆసుపత్రి మందుల గదిలో పనిచేస్తూ మోతాదులు నేర్చుకుంది కాబట్టే క్రిస్టీ విషం విషయంలో తప్పు రాయలేదు. మందుల పత్రిక ఒకటి ఆ నవలను మెచ్చుకుంటూ సమీక్ష వేసింది. తనకు అందిన మెప్పుల్లో ఆమెకు అది ఎంతో విలువైనది.

ఇక వేలిముద్రలు. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద చేతి ముద్ర వేయించాడు. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో తెరుచుకుంది. ఆ ముద్రలను వరుసపెట్టే లెక్కను తయారుచేసినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. స్కాట్లండ్ యార్డ్ ఆ పద్ధతిని అందుకున్నది 1901లో.

ఈ ఆధారం పలాసలో పనిచేయడం కష్టం. జీడిపిక్కల పెంకులోని నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, గీతలు అరిగిపోతాయి. మన ఊళ్లో మిస్టరీ రాసేవాళ్లు దీన్ని తప్పక పట్టించుకోవాలి. రేషను కోసం యంత్రం మీద వేలు పెట్టి నిలబడే ఆ తల్లుల కష్టం కథకన్నా పెద్దది.

తెలుగులో డిటెక్టివ్ నవల మొదట బెంగాలీ నుంచి, పాంచకడి దే పుస్తకాల అనువాదాలతో వచ్చింది. తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అసిస్టెంట్ రాజు తరాలను ఊపేశారు. ‘త్వమేవాహం’ రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. కానీ యుగంధర్ పల్లెవాడు కాదు, మద్రాసువాడు. 1930 నాటి ‘ది మర్డర్ ఎట్ ది వికరేజ్’లో అల్లికపని చేసుకుంటూ ఊరందరి గుట్టూ కనిపెట్టే మిస్ మార్పుల్ లాంటి పెద్దావిడలు మన అరుగుల మీద ఎందరో ఉన్నా, నవలలోకి రావలసినంతగా రాలేదు.

పాతకాలంలో కథ పెట్టాలన్నా సరుకు సిద్ధంగా ఉంది. ఎలిస్ పీటర్స్ 1977లో 12వ శతాబ్దపు మఠంలో మూలికలు పెంచే బ్రదర్ కాడ్‌ఫెల్‌ను డిటెక్టివ్‌గా నిలబెట్టి, మొత్తం 20 నవలలు రాసింది. మనకు 1936 ఏప్రిల్ 1 ఉంది. ఆ రోజు ఒడిశా ఏర్పడింది, గంజాం జిల్లా చీలింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసు ప్రావిన్స్‌లోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. బాహుదా దాటి కాస్త దూరం పోతే వేరే ప్రావిన్స్, వేరే పోలీసు. చుట్టాలు మాత్రం రెండువైపులా. కొబ్బరి తోటల్లో ఓ శవం దొరికితే కేసు ఎవరిది? ఈ నవల ఎవరైనా రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

మిస్టరీ నవల నిజంగా ప్రాణం నిలిపిన సందర్భమూ ఉంది. 1977లో ఖతార్ నుంచి లండన్ ఆసుపత్రికి ఒక పసిపాప వచ్చింది. రోగం డాక్టర్లకు అంతుపట్టలేదు. క్రిస్టీ 1961లో రాసిన ‘ది పేల్ హార్స్’ అప్పుడే చదువుతున్న నర్సు, పాప జుట్టు రాలడం చూసి థాలియం విషమేమో అంది. పరీక్షలో అదే తేలింది, పాప బతికింది.

ఇలా అంతుపట్టని రోగం మన దగ్గరా ఉంది. సోంపేట, పలాస వైపు ఉన్న ఉద్దానంలో ఏళ్లుగా మూత్రపిండాలు పాడైపోతున్న రోగానికి కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, సిలికా, ఎండలో ఒళ్లు ఎండిపోయే కూలిపని అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చే 700 కోట్ల పథకమూ అదే రోజు మొదలైంది. కవిటి, సోంపేట, మందస పల్లెల్లో డయాలసిస్‌కు వెళ్లొచ్చేవాళ్ల ఇళ్లలో ఈ కేసు ఇంకా నడుస్తూనే ఉంది.