భూమి ముందు నిలిచిన అల

వేగముగా పోవు పడవ ముందు నీరు అలగా లేచుట మనమెరిగినదే. అట్టి అల ఒకటి మన భూమి ముందును కలదు. అయితే అది లేచినది నీటిలో కాదు, సౌరపవనములో.

సూర్యుని నుండి ప్రోటానులు, ఎలక్ట్రానులు ఎడతెగక వెలువడుచుండును. ఈ ప్రవాహమే సౌరపవనము. ఇట్లు విద్యుదావేశము గల కణములతో నిండిన వాయువును ప్లాస్మా అందురు. భూమి చెంత సౌరపవన వేగము సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. ప్లాస్మాలో తరంగములు పోగల వేగము కంటె ఇది హెచ్చు. కనుక భూమి అయస్కాంత క్షేత్రము అడ్డుగా నున్నదను వార్త పవనమునకు ముందుగా అందదు. భూమికి సూర్యుని వైపున, సుమారు 90,000 కిలోమీటర్ల దూరమున, అది ఒక్కసారిగా మందగించి, వేడెక్కి, ప్రక్కలకు మరలును. ఆ సరిహద్దే ఆఘాత తరంగము.

ఇచ్చట విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. గాలిలో ఆఘాత తరంగము అణువులు ఒకదానినొకటి ఢీకొనుటచే ఏర్పడును. సౌరపవనమో మిక్కిలి పలుచన. ఘన సెంటీమీటరుకు ప్రోటానులు సుమారు 5 మాత్రమే. ఒక ప్రోటాను మరియొక దానిని ఢీకొనుటకు ఇంచుమించు 15 కోట్ల కిలోమీటర్లు, అనగా సూర్యునికిని భూమికిని గల దూరమంత, పయనింపవలెను. మరి పవనమును అడ్డగించున దేమి?

ఈ తరంగము ఉన్నదనుటలో సందేహము లేదు. 1963 నవంబరులో ప్రయోగింపబడిన ఐ.ఎమ్.పి.-1 ఉపగ్రహము దీనిని దాటి కొలిచినది. కణముల ఢీ చేయవలసిన పనిని ఇచ్చట విద్యుత్, అయస్కాంత క్షేత్రములు చేయును. సరిహద్దు వద్ద అయస్కాంత క్షేత్రము హఠాత్తుగా బలపడును. వచ్చిన ప్రోటానులలో కొన్ని గోడకు తగిలిన బంతివలె వెనుకకు మరలును. అటుపై వాని నడక క్షేత్రరేఖల దిశను బట్టి యుండును. రేఖలు సరిహద్దు వెంబడి సాగుచోట అవి ఒక చుట్టు తిరిగి, శక్తి పుంజుకొని, మరల లోనికి పోవును. రేఖలు సరిహద్దును గ్రుచ్చుకొని పోవుచోట వాని వెంట దూరముగా ఎదురేగును. అచ్చట ఎదురెదురు ప్రవాహముల వలన తరంగములు పుట్టి పెరిగి, ప్లాస్మా అల్లకల్లోలమగును. ఈ కల్లోలము కణములను చెదరగొట్టి ప్రవాహశక్తిని ఉష్ణముగా మార్చును.

ఈ సరిహద్దు నిలకడగా నుండదు. పవనము బలమును బట్టి ముందువెనుకలకు జరుగుచుండును. ఒకే నౌక పోయినచో కదలినది నౌకయో సరిహద్దో తేల్చుట కష్టము. అందుచేతనే 2000లో క్లస్టర్ అను నాలుగు నౌకలను కలిపి నడపిరి.

ప్రేలిన నక్షత్రముల చుట్టును ఇట్టి తరంగములే కణములను మహావేగమునకు నెట్టి, విశ్వకిరణములుగా మార్చునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. అచ్చటికి మన నౌకలు పోజాలవు. భూమి ముందరి అలయే మనకు అందుబాటులోనున్న ప్రయోగశాల.