ఉప్పు మితిమీరితే కడుపుకూ చేటే

మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయిందంటే చాలు, మిద్దెల మీద ముక్కలు ఎండుతుంటాయి. ఏడాదికి సరిపడా నిలవపచ్చడి! పుంగనూరు, కుప్పం వైపు మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు, సంకటి పక్కన ఎండుచేప. మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. వీటిని చెడిపోకుండా కాపాడేది ఉప్పే. ఆ ఉప్పు మన కడుపును కాపాడదు.

ఉప్పు అనగానే అందరికీ రక్తపోటు గుర్తొస్తుంది. జీర్ణాశయ కాన్సర్ సంగతి తెలిసినవారు తక్కువ. జీర్ణాశయం లోపలి గోడకు ఒక జిగురుపొర రక్షణగా ఉంటుంది. అది లేకపోతే అక్కడ ఊరే ఆమ్లం ఆ గోడనే తినేస్తుంది. ఉప్పు మితిమీరితే ఈ పొర దెబ్బతింటుంది. ఇక హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవికి పని సులువు. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీని గుట్టు 1982లో బయటపెట్టారు; 2005లో నోబెల్ బహుమతి పొందారు. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఇది చిన్ననాటినుంచే కాపురముంటుంది. ఉన్నవారందరికీ కాన్సర్ రాదు, కంగారుపడకండి. ఏళ్లతరబడి లోపలి వాపుకు ఉప్పు, పొగాకు తోడైతే ప్రమాదం పెరుగుతుంది.

బ్రిటన్‌లో సుమారు 4,70,000 మందిని పదేళ్లకు పైగా గమనించిన అధ్యయనం ఒకటి 2024లో వెలువడింది. వడ్డించిన భోజనంపై ఎప్పుడూ ఉప్పు చల్లుకునేవారికి, అరుదుగా చల్లుకునేవారికంటే ఈ ముప్పు సుమారు 40 శాతం ఎక్కువట. అయితే అన్ని లక్షలమందిలో ఈ కాన్సర్ వచ్చింది 640 మందికే అన్నది కూడా గుర్తుంచుకోండి.

రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కూర, పప్పు, అప్పడం, పచ్చడి అన్నిట్లోదీ కలిపి! "మేం ఉప్పు తక్కువే తింటామండీ" అనేవారు ఊరగాయ జాడీని లెక్కలో వేసుకోరు. పచ్చడి మానమనడం లేదు, ముద్దముద్దకూ అక్కర్లేదంటున్నాను. ఎండుచేపను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండండి. పెరుగన్నంలో విడిగా ఉప్పెందుకు? ఊరమిరపకాయలో ఉన్నది చాలదూ?

గ్యాసే కదా అని సోడాలతో, మాత్రలతో నెలలు గడపకండి. రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలం నల్లగా రావడం కనిపిస్తే వెంటనే డాక్టరును కలవండి. ఎండోస్కోపీ అవసరం కావచ్చు. పైలోరీ ఉందని తేలితే యాంటీబయాటిక్ మందులు సుమారు రెండు వారాలు ఇస్తారు. నాలుగు రోజులకే హాయిగా ఉందని మానేయకండి.