పడవలో కవి, నీటిలో మనుషులు

కావ్యంలోని ఘట్టాన్ని చిత్రకారుడు బొమ్మగా వేస్తే, దాన్ని మనం కావ్యానికి అనుబంధంగానే చూస్తాం. కథ తెలిస్తే బొమ్మ తెలిసినట్లేనని అనుకుంటాం. ఈ అభిప్రాయం సరైంది కాదని నా ఉద్దేశం. పాత కథను కొత్త మాధ్యమంలోకి తెచ్చేవాడు కొంత వదులుకుంటాడు, కొంత చేరుస్తాడు. ఏది వదిలాడు, ఏది చేర్చాడు, ఎందుకు? ఈ ప్రశ్నల దగ్గరే విమర్శ మొదలవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా 1822లో ప్రదర్శించిన ‘దాంతే పడవ’ అనే తైలవర్ణచిత్రం ఇందుకు మంచి ఉదాహరణ.

ముందు కావ్యం సంగతి. దాంతే ‘డివైన్ కామెడీ’ నరకభాగం 8వ సర్గలో కవి తన మార్గదర్శి వర్జిల్‌తో కలిసి స్టిక్స్ అనే బురదమడుగు దాటుతాడు. పడవ నడిపేవాడు ఫ్లెజియాస్. ప్రాణమున్న మనిషి కాలుపెట్టాకే ఆ పడవకు బరువు తెలుస్తుంది. మడుగులో క్రోధపరులు శిక్ష అనుభవిస్తుంటారు. వారిలో ఫిలిప్పో అర్జెంటీ అనేవాడు పడవ మీదికి చేతులు చాస్తే వర్జిల్ నెట్టేస్తాడు. అతన్ని ఈసడించినందుకు దాంతేను మెచ్చుకుంటాడు కూడా. అర్జెంటీ ఫ్లోరెన్స్ నగర ప్రముఖుడు, కవికి విరోధి. 1302లో ఆ నగరం నుంచి బహిష్కృతుడైన దాంతే ఆగ్రహం ఈ ఘట్టంలో రగులుతూనే ఉంది. ఇక్కడి శిక్షకు ఒక పేరుంది, ఒక ఊరుంది, ఒక రాజకీయ వైరముంది.

ఇక చిత్రం. అప్పటికి డెలాక్రువాకు పాతికేళ్లు నిండలేదు. నెపోలియన్ పతనమై, ఫ్రాన్సులో మళ్లీ బూర్బన్ రాజవంశం ఏలుతున్న రోజులవి. స్పష్టమైన రేఖ, శిల్పాల్లాంటి నిశ్చల దేహాలు, ఇవీ దవీద్ సంప్రదాయం నేర్పిన సూత్రాలు. డెలాక్రువా నిశ్చలమైన మడుగును అల్లకల్లోలమైన నీరుగా మార్చాడు. జెరికో 1819లో ప్రదర్శించిన ‘మెడూసా తెప్ప’ ప్రభావం ఇందులో కనబడుతుంది. ఆ చిత్రంలో ఒక ఆకృతికి డెలాక్రువాయే నమూనాగా కూర్చున్నాడు. పడవ బరువును కవిలాగా చెప్పే వీలు చిత్రకారుడికి లేదు. అందుకే దాంతేను తడబడుతూ చెయ్యెత్తి నిలబడ్డవాడిగా చూపాడు. పక్కన వర్జిల్ స్థిరంగా ఉన్నాడు. వెనుక నగరం మండుతోంది. నీటిలోని దేహాల మీద బిందువులను శుద్ధమైన రంగుల చిన్న చిన్న స్పర్శలతో వేశాడు. ఇది రూబెన్స్ దగ్గర నేర్చిన పాఠం.

అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు మరొకటుంది. చూపరికి అత్యంత సమీపంలో ఉన్నది కవులు కాదు, నీటిలోనివాళ్లు. కావ్యంలో మనం దాంతే కళ్లతో పాపుల్ని చూస్తాం. చిత్రంలో పాపుల్ని దాటితేగాని దాంతే దగ్గరికి వెళ్లలేం. కావ్యంలో అర్జెంటీ చివరికి తన పళ్లతో తన్నే కొరుక్కుంటాడు. చిత్రంలో ఒకడు పడవ అంచును కరచి పట్టుకున్నాడు. తీర్పు వెనక్కి పోయి, బాధ ముందుకొచ్చింది.

అయితే నీటిలోనివాళ్లను పీడిత ప్రజలనటం తొందరపాటు. వాళ్లలో అర్జెంటీ ఎవరో ఆ బొమ్మ చూసి పోల్చుకోలేం. పేరు పోయింది, ఊరు పోయింది, కారణం పోయింది. మిగిలింది దేహం, దాని యాతన. కాల్పనికవాదపు బలమూ పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయి. అది బాధను అనుభవానికి తెస్తుంది, ఆ బాధ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు. కారణం చెప్పని బాధ పాలకుల్ని ఇబ్బంది పెట్టదు. విమర్శకుల్లో కొందరు ఎంత ఈసడించినా, రాజ ప్రభుత్వమే ఈ చిత్రాన్ని కొన్నది. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

1830 జూలై విప్లవం మీద ఇదే చిత్రకారుడు ‘ప్రజలను నడిపిస్తున్న స్వేచ్ఛ’ వేశాడు. అక్కడ మళ్లీ ముందుభాగంలో నేలకొరిగిన దేహాలే. కానీ ఈసారి వాటికి ఒక వీధి, ఒక జెండా, ఒక తేదీ ఉన్నాయి. ఆ చిత్రాన్నీ ప్రభుత్వం కొన్నది. కానీ ఎక్కువకాలం ప్రజల కంటబడనివ్వలేదు.

ఇతిహాస ఘట్టాలను తిరగరాసే రచయితలు ఈ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కథనంలో ఎవరిని ముందుకు తెస్తున్నామన్నది సగం ప్రశ్నే. ముందుకు తెచ్చినవాడి బాధకు కారణం కూడా వెంట తెచ్చామా అన్నది మిగతా సగం.