మీకు తెలుసా? జేబుకు చిల్లు పడకుండా జీపుకు హంగులు!

ఫోర్ బై ఫోర్ కొన్నారా? థారా? జిమ్నీయా? గూర్ఖాయా? లేక ఎవరో వాడి అమ్మిన పాత జిప్సీయా? ఏదైతేనేం! సికింద్రాబాద్ రాణిగంజ్ గల్లీల్లో సామాన్లు బేరమాడటానికి ఈపాటికి లిస్టు రాసేసి ఉంటారు. ఆగండాగండి! పర్సు బయటికి తీయకముందే మీ చెవిన వేయాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇలా దగ్గరికి రండి!

మీకు తెలుసా? బండికి చేసుకోగల హంగులన్నిట్లోకీ గొప్పది పైసా ఖర్చు లేనిది! టైర్లలో గాలి తగ్గించడం! ఇసుకలోకో బురదలోకో దిగే ముందు 30 పాయింట్ల గాలిని 18కి దించి చూడండి. టైరు కింద చక్కగా పరుచుకుంటుంది. నేలను పట్టుకునే జాగా ఒకటిన్నర రెట్లు దాటుతుంది! అప్పటిదాకా గిర్రున తిరిగి గోతులు తవ్విన చక్రాలు, ఏమీ ఎరగనట్టు బండిని బయటికి తెచ్చేస్తాయి!

అసలు ఆ జాగా ఎంతో ఊహించగలరా? థార్ బరువు సుమారు 1,750 కిలోలు. మామూలు గాలితో నాలుగు టైర్లూ కలిపి నేలను తాకేది ఎంతంటారు? లెక్క వేస్తే 830 చదరపు సెంటీమీటర్ల చుట్టుపక్కల తేలుతుంది! అంటే అటు 29, ఇటు 29 సెంటీమీటర్ల చదరం. అంత బండీ నిలబడేది ఆ కాస్త చోటు మీదే!

అయితే 15 కంటే కిందికి పోవద్దు సుమా! మలుపులో టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి. అనంతగిరి అడవిలో పంక్చర్ షాపు ఎక్కడ దొరుకుతుంది? అందుకే, నన్నడిగితే మొదట కొనాల్సింది 12 వోల్టుల బుల్లి కంప్రెసర్. ఎల్‌ఈడీ లైట్ల బార్ కానే కాదు!

ఇంకో తమాషా! ఆ గాలిని లోపల పట్టి ఉంచే చిన్న వాల్వు వయసెంతో తెలుసా? అమెరికాలో ష్రేడర్ పేరిట దానికి పేటెంటు వచ్చింది 1893లో! మీ జీపులోనూ, మీ మోటారు సైకిల్లోనూ ఉన్నది ఆనాటి వాల్వే! పిన్ను విప్పేస్తే గాలి బుస్సున దిగిపోతుంది. ఆ పిన్ను విప్పే పనిముట్టు ధర పదుల్లోనే. జేబులో ఒకటి పడేసుకోండి!

ఎండ తగిలితే ఈ గాలి ఏం చేస్తుందో చూశారా? వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే చాలు, దానంతటదే ఒక పాయింటు ఎక్కుతుంది! మే నెలలో పొద్దున కొలిచిన లెక్క మధ్యాహ్నానికి చెల్లదు. చల్లటి టైరు మీదే కొలవాలి!

పెద్ద టైర్లు వేస్తే బండి ఎంత ఎత్తు లేస్తుందో అని మురిసిపోతున్నారా? 245/75 ఆర్16 టైరు తీసి, 265/75 ఆర్16 వేశారనుకోండి. టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మరి బండి లేచేది? 15 మిల్లీమీటర్లే! పెరిగినదాంట్లో సగం ఇరుసుకు పైనే ఉండిపోతుంది మరి! నాలుగు టైర్ల డబ్బు ధారపోసి, చేతికొచ్చేది ఒకటిన్నర సెంటీమీటరు!

పైగా స్పీడోమీటరు అబద్ధాలు మొదలెడుతుంది! మొన్నటిదాకా సరిగ్గా చూపిన ముల్లు ఇప్పుడు 100 అంటే, బండి నిజంగా 104లో పోతున్నట్టు! చలానా వచ్చాక కెమెరాకు ఈ లెక్క చెప్పుకోండి!

ఇది వింటే నమ్మరు! నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో 2 చక్రాలు నేల వదిలితే చాలు, మొత్తం బండి ఆగిపోతుంది! ముందు ఎడమది, వెనక కుడిది లేచాయా, ఇక అంతే సంగతులు! గాల్లో ఉన్న రెండూ గిర్రున తిరుగుతాయి. నేల మీదున్న రెండూ కదలవు! డిఫరెన్షియల్ గుణమే అంత. తేలిగ్గా తిరిగే చక్రానికే తిరగడమంతా అప్పజెబుతుంది. దీనికి డిఫ్ లాక్ వేయించాలంటే డబ్బు గుమ్మరించాలి. కానీ చవక మందొకటి ఉంది! యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకును సుతారంగా నొక్కండి. గాల్లోది నెమ్మదిస్తుంది, నేల మీదిది తోయడం మొదలెడుతుంది! జిమ్నీ, థార్ ఈ పని కంప్యూటర్ చేత చేయించుకుంటాయి. పాత జిప్సీకి మీ కాలే కంప్యూటర్!

గేరు పక్కనున్న చిన్న లివరును ఎప్పుడైనా ముట్టుకున్నారా? జిమ్నీలో దాన్ని 4ఎల్‌కు లాగితే చక్రాలకందే బలం 2 రెట్లవుతుంది! ఇంజన్‌కు చిప్పులు మార్పించినా అంత రాదు! బండితో పాటు వచ్చింది, డబ్బు ఎప్పుడో కట్టేశారు. వాడుకోండి మరి!

హెడ్‌లైట్లు మసగ్గా ఉన్నాయా? బల్బును తిట్టకండి, వైరును అనుమానించండి! పాత బండిలో కరెంటు స్విచ్చు దాకా పోయి, మళ్లీ ముందుకొచ్చేసరికి వోల్టేజీ 10 శాతం తగ్గిందనుకోండి. హాలోజెన్ వెలుతురు కూడా 10 శాతమే తగ్గుతుందా? కాదు, దాదాపు 30 శాతం! బ్యాటరీ నుంచి నేరుగా ఒక మందపాటి వైరు, రెండు రిలేలు, ఒక ఫ్యూజు. మంచి ఎలక్ట్రీషియన్ ఒక్క పూటలో బిగించేస్తాడు. అదే బల్బు, అదే అద్దం. రోడ్డు మాత్రం తెల్లగా కనబడుతుంది!

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇక్కడే అసలు మాయలున్నాయి! కొండ దారిలో నడిచి వేడెక్కిన ఇరుసు వాగులో మునిగిందనుకోండి. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. 80 డిగ్రీల నుంచి 25కు పడితే దాదాపు ఆరో వంతు తగ్గిపోతుంది! ఆ ఖాళీలోకి వచ్చేదెవరు? ఇంకెవరు, నీళ్లే! సీలు సందుల్లోంచి లోపలికి పీల్చేసుకుంటుంది. తర్వాతెప్పుడో ఆయిల్ మార్పించేటప్పుడు తెల్లటి మడ్డి కారుతుంది. మెకానిక్ మీ వంక అదోలా చూస్తాడు! దీనికి విరుగుడు? ఇరుసు మీది బ్రీదర్‌కు రెండు మూడు మీటర్ల రబ్బరు పైపు తగిలించి, కొసను బానెట్ కింద ఎత్తున కట్టడమే. పైపు, రెండు క్లిప్పులు, అరపూట పని! రాణిగంజ్‌లో ఇంతకంటే లాభసాటి బేరం నాకు తెలియదు!

మరి ఇంజన్‌ను చంపడానికి ఎన్ని నీళ్లు కావాలి? బకెట్టా? చెంబా? 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైదాకా వచ్చినప్పుడు ఒక్కో సిలిండర్‌లో మిగిలే చోటు సుమారు 35 మిల్లీలీటర్లు! గాలైతే నలుగుతుంది, నీరు నలగదు. అంతకు మించి ఒక్క గుటక లోపలికి పోయిందా, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది! ఇరానీ చాయ్ కప్పులో సగం కూడా లేని నీటికి లక్షల ఇంజన్ బలి!

అన్నట్టు, ఇంత బరువైన బండి నీళ్లలో తేలదని ధీమాగా ఉన్నారా? ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన సారథ్ యుద్ధ వాహనం 14 టన్నులు. అది నీళ్ల మీద తేలుతూ పోతుంది! ఇక మీ జీపెంత? బాడీ అడుగు మునిగాక, నీరు 10 సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా సుమారు 700 కిలోల బరువు తేలికవుతుంది! టైర్లు నేలను వదిలేస్తాయి. థార్‌కు కంపెనీ చెప్పే 650 మిల్లీమీటర్ల లోతు నిలవ నీటికి అనుకోండి. పారే వాగుకు ఆ అంకె తెలియదు!

ఇరుక్కున్న బండిని లాగడానికి ఇనుప గొలుసు కొంటున్నారా? వద్దు బాబూ! అసలైన నైలాన్ రికవరీ తాడు తన పొడవులో 30 శాతం దాకా సాగుతుంది! ముందు బండి కదిలినప్పుడు సాగి శక్తిని దాచుకుంటుంది. ఆ తర్వాత ముడుచుకుంటూ వెనక బండిని మెత్తగా లాక్కొస్తుంది! గొలుసైతే ఒకటే కుదుపు, హుక్కు ఊడి చేతికొస్తుంది. ఏ తాడు కట్టినా, మధ్యలో తడిపిన దుప్పటి ఒకటి వేయండి. తెగితే కొస ఎగరకుండా అది కిందికి పడదోస్తుంది. చూడ్డానికొచ్చిన జనాన్ని మాత్రం దూరంగా తరిమేయండి!

ఆ తాడును తగిలించే షాకిల్ కొనేటప్పుడు ఒక గుట్టు! ముప్పావు అంగుళం షాకిల్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. ఒంటి మీద 4.75 టన్నులు అని పోతపోసి ఉందా? తీసుకోండి! నున్నగా, అక్షరం లేకుండా తళతళలాడుతోందా? ధర ఎంత తక్కువ చెప్పినా దుకాణదారుడికే దండం పెట్టి ఇచ్చేయండి!

వించి ఉన్నవాళ్లకు ఒక ముక్క. దాని బలం చాలట్లేదని పెద్దది కొనకండి, ఒక కప్పీ కొనండి! వించి తీగను చెట్టుకు కట్టిన కప్పీ మీదుగా తిప్పి, మళ్లీ మీ బండి హుక్కుకే తగిలించండి. లాగే బలం దాదాపు 2 రెట్లు! వేగం సగమవుతుంది. బురదలో ఉన్నవాడికి తొందరేముంది!

ముందు భాగానికి లావాటి ఇనుప కమ్మీలు బిగిస్తే ఠీవిగా ఉంటుందనా? కేంద్రం వాటిని 2017లోనే కాదంది! ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకు అవి అడ్డం పడతాయి. ఇంకా వినండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా బండిని మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా! జైలు కూడా పడొచ్చు! మొత్తానికి కాదు, ఒక్కో మార్పుకు! గాలి తగ్గించినందుకూ, డిక్కీలో తాడు పెట్టుకున్నందుకూ ఎవరూ చలానా రాయరు!

ఇది జేబు సంగతి కాదు గానీ, చెప్పకుండా ఉండలేను! థార్ తయారుచేసే మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్! ఆ మొహమ్మద్ ఎవరో తెలుసా? మన హైదరాబాద్ నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మాలిక్ గులాం మొహమ్మద్! తర్వాత పాకిస్తాన్‌కు గవర్నర్ జనరల్ అయ్యాడు! లుధియానా నుంచి వచ్చిన మహీంద్రా సోదరుల జీపులో మన హైదరాబాద్ వాటా కూడా ఉందన్నమాట!

పాత జిప్సీని చూసి నవ్వేవాళ్లకు ఇది చెప్పండి. దాని బరువు టన్నుకు లోపే, సుమారు 985 కిలోలు! థార్ ములిగే చోట అది పైపైన దాటిపోతుంది! బరువు తగ్గడమే గొప్ప హంగు. మరి మనమేం చేస్తాం? పైన ఇనుప రాక్, దాని మీద స్టెప్నీ, దాని మీద గడ్డపార! డబ్బిచ్చి మరీ బరువు కొనుక్కుంటాం!

జీపు విప్పడమంటే భయమా? తిరుమలగిరిలో సైన్యానికి ఈఎంఈ కళాశాల ఉంది కదా! ఆ ఈఎంఈ దళం జవాన్లు జనం కళ్లెదుటే జీపును ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి, నడుపుకుంటూ పోయే ప్రదర్శన ఇస్తుంటారు. అదీ నిమిషాల్లో! 1943లో పుట్టిన దళం అది. మన మెకానిక్ క్లచ్ ప్లేటుకు చెప్పే వారం గడువు గుర్తొస్తే గుండె కలుక్కుమంటుంది!

మౌలాలి గుట్ట వంటి బండరాళ్ల మీదికి బండి తోలాలనుందా? ఈ చుట్టుపక్కల నల్లసేనపు రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు! మీ ఇంజన్ అడుగుకు, వాటికి పోటీ పెడితే ఎవరు గెలుస్తారో వేరే చెప్పాలా? కింద మందపాటి రేకు బిగించడం మాత్రం దండగ ఖర్చు కాదు.

టైర్లకు దూరం పోనక్కర్లేదని తెలుసా? సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ టైర్ల కర్మాగారమే ఉంది! ఆ కంపెనీ 1946లో మద్రాసులో మొదలైనప్పుడు చేసిందేమిటో ఊహించండి. పిల్లలు ఊదుకునే బుడగలు! నిజం!

ఇక చివరిది, అన్నిటికంటే అక్కరకొచ్చేది! టైరు పక్క భాగాన డీఓటీ అనే అక్షరాలుంటాయి. ఆ వరుస చివర నాలుగు అంకెలు. 3223 అని ఉందనుకోండి, ఆ టైరు 2023లో 32వ వారం పుట్టింది! బయటి వైపు కనబడలేదా? వంగి లోపలి వైపు చూడండి, కొన్నిటికి అటే ఉంటాయి. మట్టి తుడిచి, వేలితో తడిమి చదవండి. సగం ధరకే ఇస్తానన్న 'సరికొత్త' టైరు ఎన్నేళ్లు గోదాములో నిద్రపోయిందో అక్కడే తేలిపోతుంది! ఆ చేత్తోనే వెనక తలుపుకు వేలాడుతున్న స్టెప్నీ పుట్టినరోజు కూడా చూడండి. బండి కొన్నప్పటి నుంచి దాని గాలి కూడా ఎవరూ చూసి ఉండరు!