ఎక్స్‌ఎమ్మా, సిరియసా?

ఆఫీసుకి రానూపోనూ రోజూ గంటన్నర నేనొక్కదాన్నే కారు నడుపుతాను. ఊరు దాటితే ఎఫ్‌ఎమ్‌లో గరగరలే. అందుకే ఈ 2006లో శాటిలైట్ రేడియో పెట్టించుకుందామనుకున్నాను. అమెరికాలో ఉన్నవి రెండే: ఎక్స్‌ఎమ్, సిరియస్. రెండింటికీ నెలకి 12.95 డాలర్లే. మరి తేడా ఎక్కడ?

ముందు మీ కారు చూసుకోండి. హోండా, జనరల్ మోటార్స్ కార్లలో కంపెనీ బిగించి ఇచ్చేది ఎక్స్‌ఎమ్. ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో సిరియస్. ఒకదాని రిసీవర్‌లో రెండోది పలకదు. సర్వీసు మారిస్తే రిసీవర్ కూడా మళ్ళీ కొనాల్సిందే.

వంటింట్లో కూడా వినాలంటే కారులోంచి తీసి తెచ్చుకునే రిసీవర్ కొనండి. ఇంటి కిట్ విడిగా అమ్ముతారు. ఎక్స్‌ఎమ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన ఉంటాయి కనుక యాంటెనాకి దక్షిణపు కిటికీ కావాలి. సిరియస్‌వి మూడు, వంతులవారీగా మన నెత్తిమీదికి బాగా ఎత్తుగా వస్తాయి.

బేస్‌బాల్ ఎక్స్‌ఎమ్‌లో, ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ సిరియస్‌లో. మా ఇంట్లో మగవాళ్ళ ఓటు ఫుట్‌బాల్‌కే. కానీ రోజూ స్టీరింగు ముందు కూర్చునేది నేను; నా హోండాలో ఎక్స్‌ఎమ్ సిద్ధంగా ఉంది. అదే తీసుకున్నాను. తెలుగు పాటలకి మాత్రం ఇంకా సీడీలే దిక్కు.

ఎవరు ఎక్కువసేపు వింటారో వాళ్ళ మాటే చెల్లాలి. ఏమంటారు?