కీబోర్డు విడివడు ట్యాబు: సంఘములకు ఉపయోగమెంత?

ట్యాబు అను వస్తువు మన తిరువూరు ప్రాంతపు రైతులకు క్రొత్త కాదు. ఈ-పంట నమోదునకు వచ్చు ఉద్యోగి చేతిలో ఫోనో, ట్యాబో ఉండుట అందరు నెరుగుదురు. అయితే కీబోర్డు తగిలించుటకును, వలసినప్పుడు ఊడదీయుటకును వీలైనది మాత్రము మన పల్లెలలో అరుదు. ఇట్టిదానిని సంఘమునకు కొనవచ్చునా యని కొందరు సభ్యులు నన్నడిగిరి. రెండు వారములు దానిని వెంటగొని పొలములలోను, సంఘపు కచేరీలోను వాడి చూచితిని. నాకు తోచినది సభ్యుల యెదుట పెట్టుచున్నాను.

చూపునకిది మిషను బడిలో మేము దిద్దుకొన్న రాతిపలక యంతయే యుండును. దానికి చెక్క చట్రము, దీనికి లోహపు టంచు. వెనుకనున్న రేకు తెరచినచో తెర నిలువబడును. అడుగుటంచున చిన్న లోహపు చుక్కలు గలవు. కీబోర్డును దగ్గరకు తెచ్చినంతనే అయస్కాంతము లాగికొనగా అది టక్కున నంటుకొనును. ఆ చుక్కల ద్వారా దానికి విద్యుత్తు అందును గనుక, వేరుగ ఛార్జి పెట్టు పని లేదు. అంటుకొనకయే దూరమునుండి పనిచేయు బ్లూటూత్ కీబోర్డులు వేరొక రకము. వాని బ్యాటరీ వానికే యుండును, అది అయిపోయినచో పని నిలిచిపోవును. ఈ తరహా యంత్రములను 2011లో ఆసుస్ కంపెనీవారు, 2012 అక్టోబరులో మైక్రోసాఫ్టువారు విపణికి తెచ్చిరి.

తెలుగు వ్రాత సంగతి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. అద్దముపైననే మీటలను తెచ్చుకొన్నచో సగము తెర వానికే పోయి, జాబితా కనబడదు. కీబోర్డు తగిలించినచో తెర యంతయు మిగులును. ఇన్‌స్క్రిప్టు అను ప్రభుత్వపు అమరికలో గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు చాలవరకు కుడిచేతికిని వచ్చును. ‘రైతు’ అని వ్రాయుటకు ర, ఐత్వము, త, కొమ్ము అని నాలుగు మీటలు చాలును. ‘ప్రత్తి’కి ఏడు కావలెను, ఏలన వత్తు వచ్చు ప్రతిచోటను ముందుగ పొల్లు మీట నొక్కవలెను. చిక్కేమనగా, అంగడిలో దొరకు కీబోర్డులపై తెలుగక్షరములు అచ్చువేసియుండుట అరుదు. కొన్నాళ్లు అభ్యసించినగాని చేయి కుదురుకొనదు. ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు రాబట్టు పద్ధతి సులభమే గాని, అందు ల-ళలు, న-ణలు తారుమారగుచుండును. ఇంటిపేరు ఆధారు కార్డులో నొకతీరున, పాసు పుస్తకములో మరియొక తీరున నున్నచో, ఋణమునకు గాని పంటల బీమాకు గాని పోయినప్పుడు ఎన్ని తిరుగుళ్లో పడినవారికే తెలియును.

ఇక ఈ యంత్రమునందు నాకు మిక్కిలి నచ్చిన గుణమును చెప్పెదను. కచేరీలలో కంప్యూటరు ముఖము గుమాస్తా వైపునను, వీపు సభ్యుని వైపునను ఉండును. తన సర్వే నంబరు, విస్తీర్ణము, అప్పు మొత్తము ఏమని పడినవో సభ్యుడు చూడడు, వ్రేలిముద్ర వేయుమనిన వేయును. ఇందు నమోదు ముగియగనే కీబోర్డు ఊడదీసి పలకను సభ్యుని చేతికే ఈయవచ్చును. ఒక సంఘములో అట్లు చేయించితిని. వృద్ధురాలగు ఒక సభ్యురాలు మనుమనిచేత చదివించుకొని, తన రెండెకరముల మామిడితోట ప్రత్తిచేనుగ పడినదని పట్టుకొనెను. గుమాస్తా అప్పటికప్పుడే దిద్దెను. పంటను బట్టి ఎకరమునకిచ్చు ఋణము మారును గదా! ముద్ర పడిన పిదప ఆ పొరపాటు బయటపడినచో దిద్దించుట యంత తేలిక గాదు.

పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకై 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 సంఘములకు వర్తించునట్లు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. కాగితపు పద్దు పుస్తకమును సభ్యుడు త్రిప్పి చూచుకొనగలిగెను. యంత్రములోని పద్దును అట్లు చూడ వీలులేకున్నచో, అది సంఘపు లెక్కయే గాని సభ్యుని లెక్క యనిపించుకొనదు.

పొలమున మాత్రము కీబోర్డు వట్టి బరువు. గట్టున కూర్చుండి తొడలపై పెట్టుకొన్నచో రేకు నిలువదు. నులకమంచముపై వెనుకకు వాలిపోవును. దానికి గట్టి బల్ల యుండవలెను. కట్టలేటి యొడ్డున మిట్టమధ్యాహ్నము తెరచి చూడగా తెరలో నా ముఖమే కనబడెను. తడివ్రేలికి అద్దము సరిగ లోబడదు, నీటి బొట్టును సైతము వ్రేలని భ్రమించును. మిరపకాయలు కోసిన చేతితో ముట్టరాదు, అద్దమునకు కాకపోయినను తరువాత వాడువారి కండ్లకు హాని. ప్రత్తి నలుసులు, దుమ్ము లోహపు చుక్కలపై చేరినచో కీబోర్డు పలుకకపోవచ్చును. పొడిగుడ్డతో తుడువవలెను. 35 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో వాడవలదని కొందరు ప్రసిద్ధ తయారీదారులు చెప్పుచున్నారు. మన వేసవిలో ఆ మితి ప్రొద్దెక్కకముందే దాటును. కావున దీనిని మోటారుసైకిలు పెట్టెలో మూసి ఎండను వదలరాదు.

ఒంటరి రైతు దీనికై డబ్బు పెట్టుట నాకు సమ్మతము కాదు, చేతిలోని ఫోను చాలును. సంఘమునకు ఒకటి కొన్న చాలు. కొనునప్పుడు కీబోర్డు ధర కలిసియున్నదో లేదో అడుగుడు, పెక్కింటికి అది వేరుగ నమ్ముదురు. ఒకదాని కీబోర్డు మరియొకదానికి అతుకకపోవచ్చును గనుక రెండును ఒకే బిల్లుపై తీసికొనుడు. తెలుగులో నాలుగు పేర్లు కొట్టించి చూడుడు. కొన్నింటికి ఒకే రంధ్రముండును, అందులో వ్రేలిముద్ర యంత్రము తగిలించినచో ఛార్జి పెట్టుటకు చోటుండదు. సంఘపు వ్రేలిముద్ర యంత్రమును వెంట తీసికొనిపోయి, సొమ్ము చెల్లింపకముందే అంగడిలో తగిలించి చూచుకొనుడు.