కొండరెడ్ల పండుగకు వియన్నా అతిథి

భద్రాచలం: మామిడి కొత్త కానిదే కొండరెడ్ల ఇళ్ళలో కొత్త కాయ ముట్టరు. చెట్టు విరగకాసినా, పిల్లలు మారాం చేసినా అంతే. పెద్దకాపూ పూజారీ కలిసి రోజు నిర్ణయించాలి. దేవతకు కోడిని కోసి కొత్త కాయ నైవేద్యం పెట్టాలి. ఆ తర్వాతే ఊరంతా తింటుంది.

ఈ పండుగలను చూసి, అడిగి, రాసుకున్న పరదేశి ఒకాయన ఉన్నారు. వియన్నాలో 1909లో పుట్టిన హైమన్‌డార్ఫ్ దొర. 1939లో ఆయన ఇండియాకు రాగానే యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు కావడంతో శత్రుదేశస్థుడని ముద్ర పడింది. నిజాం సర్కారు మాత్రం అడవి జాతుల మధ్య పని చేసుకోనిచ్చింది. ఎక్కడి యుద్ధమో ఆయన్ను మన గోదావరి గట్టుకు చేర్చింది! భార్య బెట్టీతో కలిసి 1940-41లో పాల్వంచ సంస్థానంలోని రెడ్ల పల్లెల నడుమ మకాం వేశారు. అప్పటి సంగతులతో 1945లో పెద్ద పుస్తకం అచ్చయింది. ఇంగ్లీషువారు బైసన్ కొండలని పిలిచినవి మన పాపికొండలే.

పండుగ నాటి కోడికూర ఎవరైనా చూస్తారు. ఆ ఇంటి తిండి తెలియాలంటే వానాకాలంలో చూడాలి. పోడులో కర్రతో గుంట పొడిచి వేసిన జొన్న, సామ అప్పటికి ఇంకా చేతికి రావు. వేసవిలో తిన్న మామిడి పండ్ల టెంకలు అప్పుడు అక్కరకొస్తాయి. ఎండబెట్టిన టెంకలను పగలగొట్టి, జీడిని దంచి, వగరు పోయేదాకా నీళ్ళలో కడిగి అంబలి కాస్తారు. కడగడం తక్కువైతే నోట పెట్టలేరు. అందుకే మామిడి చెట్టు వాళ్ళకు పండ్ల చెట్టే కాదు, గాదె కూడా.

జీలుగు చెట్టూ అంతే. కల్లు దిగే నెలల్లో కల్లే సగం తిండి. కరువొస్తే మాను నరికి, లోపలి గుజ్జు దంచి, పిండి తీసి జావ కాచుకుంటారు. బయటివారు దీన్ని తాగుడు కింద జమ కట్టడం వాళ్ళ ఆకలి తెలియకనే.

దొర పండుగలు రాసి ఊరుకోలేదు. వెదురు కొట్టించే వ్యాపారుల వద్ద రెడ్లు అప్పుల్లో ఎలా చిక్కుకున్నారో నిజాం సర్కారుకు నివేదిక ఇచ్చారు. 1982లో అచ్చయిన మరో పుస్తకంలోనూ వాళ్ళ కష్టం చెప్పారు. బెట్టీ 1987లో కన్నుమూయగా గోండుల మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు.

ఆయన తిరిగిన గట్టు ఊళ్ళున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పోలవరం ముంపుతో అక్కడి గట్టు పల్లెలు కొండ దిగి పునరావాస కాలనీలకు కదలవలసి వచ్చింది. ఇటు అశ్వారావుపేట, దమ్మపేట అడవుల్లో ఇంకా రెడ్ల గూడేలున్నాయి.

కాలనీలో ఇల్లు, కరెంటు, రోడ్డు ఇవ్వవచ్చు. కొత్త పెట్టడానికి మామిడి చెట్టు ఎవరిది? జీలుగు మొక్క ఈరోజు నాటినా గీతకు రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది. కొన్నేళ్ళు గెలలు వేసి, ఆ తర్వాత చెట్టు ఎండిపోతుంది. కొండ మీదైతే దాని పక్కనే మరొకటి ఎదుగుతూ ఉండేది.